వేలెడు బెజ్జం

నా బాధంతా ఒక్కటే. నాకు పని వచ్చేసింది, ఆ సంగతి మా ఉస్తాదు ఒప్పుకోడు.

మా ఉస్తాదు పేరు కాశింపీరా. మార్కాపురంలో ఇప్పుడు ఏసీలు బాగుచేసేవాళ్ళు వీధికి ఇద్దరున్నారు గానీ, ఊరి మొత్తానికి పది ఏసీలు కూడా లేని రోజుల్నించీ ఆయనది అదే షాపు. ముందు కార్లు నిలబెట్టుకోడానికి రేకుల పందిరి, వెనక ఇళ్ళ ఏసీలు విప్పి పెట్టుకునే గది, అంతే. నేను చెన్నకేశవుల్ని. అందరూ కేశవులంటారు. ముప్ఫై ఏళ్ళవాణ్ణి, పెళ్ళాం బిడ్డ ఉన్నవాణ్ణి, ఆరేళ్ళ తర్వాత కూడా ఆయన వెనక సంచి పట్టుకుని నడుస్తున్నానంటే కడుపు మండదా చెప్పండి.

పోనీ పెద్ద పనేమైనా చేస్తాడా అంటే, అదీ లేదు. ఏ ఇంటికి పోయినా నన్ను సంచి విప్పనివ్వడు. ముందు మంచినీళ్ళు అడుగుతాడు. తర్వాత ఆ ఇంటివాళ్ళతో మాటలు పెట్టుకుంటాడు. ఎప్పట్నించి చల్లగా రావట్లేదు, ఏ వేళప్పుడు రావట్లేదు, రాత్రి నిద్ర ఎట్టా పడుతోంది, ఈ మధ్య ఇంట్లో ఏం మార్చారు. డాక్టరు కూడా ఇన్ని అడగడు.

ఒకసారి నాగరత్నం టీచరుగారింటికి పోయాం. ఏసీ తిరుగుతోంది గానీ గాలి ఉత్తదే. నేను చూడగానే గ్యాసు పోయిందనుకున్నాను. మా పనిలో ఎవరైనా ముందు అనే మాట అదే. మీటరు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఈయన కుర్చీలో కూర్చుని టీచరుగారితో కబుర్లు.

"పొద్దున బాగానే ఉంటుందండీ. రెండయ్యేసరికి వేడిగాలి కొడుతుంది. మొన్నటిదాకా ఇట్లా లేదు," అందావిడ.

"మొన్న ఏం చేశారమ్మా?"

"ఏం చెయ్యలేదే. పాపం ఎండకి మాడిపోతోందని మేడమీద పెట్టెకి మావారు నీడ కట్టారంతే."

ఉస్తాదు మెట్లెక్కాడు. నేనూ వెనకాలే ఎక్కాను. ఏసీ బయటి పెట్టె చుట్టూ పాత ఫ్లెక్సీ బ్యానరు బిగించి కట్టి ఉంది. అది వదిలే వేడిగాలి పోవడానికి దారి లేదు. వదిలిన గాలే మళ్ళీ పీల్చుకుంటోంది. ఉస్తాదు జేబులోంచి బ్లేడు తీసి ఒక్క తాడు కోశాడు. బ్యానరు కింద పడింది. మేము కిందికి దిగి ఇంకో గ్లాసు నీళ్ళు తాగేలోపల గది చల్లబడింది.

నా మొహం మాడిపోయింది. దారిలో ఆగలేక అడిగేశాను. "ఉస్తాద్, నేను మీటరు పెట్టినా ఆ సంగతి తేలేది గదా. మిషను దాని రోగం అదే చెప్పుద్ది. మనుషుల సోదంతా మనకెందుకు?"

"చెమట పట్టేది మీటరుకా, ఆమెకా?" అన్నాడు.

ఇట్లాంటివి వినీ వినీ నాకు విసుగొచ్చేసింది. ఎప్పుడెప్పుడు నా చేతికి షాపు ఇస్తాడా, నేనేంటో ఊరికి ఎప్పుడు చూపిస్తానా అని కాచుకుని ఉన్నాను.

రోహిణికార్తెలో ఆ రోజు రానే వచ్చింది. గిద్దలూరులో వాళ్ళ మేనకోడలి పెళ్ళి. "రెండు రోజులు నువ్వే చూసుకో కేశవులూ," అని తాళాలు నా చేతిలో పెట్టి బస్సెక్కాడు. మొదటి రోజు ఏడు పనులు చేశాను. ఏడూ గెలిచాను. నా అంతటివాడు లేడని ఇంట్లో నా భార్యకి రెండుసార్లు చెప్పాను. రెండోసారి ఆమె ఆవులించింది.

రెండో రోజు పొద్దున్నే ఇర్మియా వచ్చాడు. బాడుగ కారు నడుపుకుంటాడు. తెల్లకారు, పెట్రోలు బండి, పాతదే. ఆ బండి నాకు బాగా తెలుసు. మూడు వారాల కింద దానికి పాటలపెట్టె బిగించింది నేనే. పెద్ద చప్పుడు రావాలంటే బ్యాటరీ దగ్గర్నించి లోపలికి లావు వైరు లాగాలి. ఇంజనుకీ మనుషులు కూర్చునే చోటుకీ మధ్య అడ్డం ఉండే రేకులో బెజ్జం పెట్టి లాగాను. పాట అదిరిపోయింది. ఇర్మియా ఆ రోజు నన్ను వాటేసుకున్నాడు.

"అన్నా, ఏసీ చల్లగా రావట్లేదు," అన్నాడు వస్తూనే. "ఇయ్యాల ఒంగోలు పోతన్నా. పుట్టింటి నించి మా కరుణనీ పాపనీ తీసుకురావాల. పాపకి ఇరవై మూడో రోజు. పన్నెండుకి బయల్దేరదాం అంటన్నారు వాళ్ళమ్మావాళ్ళు, ఎండ చూస్తే అట్టుంది. చల్లగా లేకపోతే పసిది తట్టుకోదన్నా."

"నువ్వు టీ తాగి రా. నేను చూస్తాగా," అన్నాను.

బానెట్టు ఎత్తి రెండు పైపులూ పట్టుకున్నాను. ఏసీ పైపుల్లో సన్నది వేడిగా, లావుది చల్లగా ఉంటే లోపల చల్లదనం తయారవుతున్నట్టే. సన్నది కాలుతోంది. లావుది చెయ్యి పెడితే జివ్వుమంటోంది. మీటరు పెట్టాను. గ్యాసు ఉండాల్సినంత ఉంది. ముందున్న ఫ్యాను తిరుగుతోంది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. లోపల కూర్చుంటే మాత్రం గాలి గోరువెచ్చగా వస్తోంది.

అప్పుడు ఆగి ఆలోచించాల్సింది. చల్లదనం తయారవుతోంది, మనిషిదాకా రావట్లేదు. మరి మధ్యలో వేడి ఎక్కణ్ణించి కలుస్తోంది? ఇంత చిన్న ప్రశ్న నాకు తట్టలేదు. తట్టలేదని కూడా అనను. తట్టింది, పక్కకి నెట్టేశాను. ఎనిమిది గంటలకే ఇంకో ఇద్దరు కస్టమర్లు వచ్చి నిలబడ్డారు. ఏం చెయ్యకుండా పంపిస్తే పని రానోడనుకుంటారు. అందుకని నిండా ఉన్న గ్యాసు మీదే ఇంకాస్త కొట్టాను. కొట్టకూడదని నాకు తెలుసు. అయినా కొట్టాను.

తర్వాత బయటిగాలి రాకుండా, లోపలిగాలే తిరిగేట్టు బటను నొక్కాను. గాలి కొంచెం నయమనిపించింది.

"అయిపోయింది ఇర్మియా. అద్దాలన్నీ గట్టిగా ఎక్కించు. వెంట్రుకంత సందు కూడా ఉంచమాక. ఊటీలో ఉన్నట్టు ఉంటది మీ పాపకి."

ఇర్మియా సంతోషపడ్డాడు. బండి ఎక్కబోతూ ఆగాడు.

"అన్నా, ఇంకో మాట. ఈ మధ్య ఏసీ వేసుకుంటే తల పగిలిపోతాంది. కడుపులో తిప్పుతాంది. మొన్న మా మేనత్తని గుళ్ళాపల్లి దాకా తీసుకుపోతే దిగంగానే వాంతి చేసుకుంది. ఏందో వాసన కూడా వస్తాంది."

"ఎండ ఇర్మియా ఎండ! ఈ ఎండకి ఎవరికి తలనొప్పి లేదు చెప్పు. వాసనకి నా దగ్గర మందుంది," అని షాపులోంచి మల్లెపూల సెంటు సీసా తెచ్చి గాలి వచ్చే చోట తగిలించాను.

ఇంజను స్టార్టు చేశాడు. కిందనించి బుస్సు బుస్సుమని చప్పుడు. పొగగొట్టం ఎక్కడో అతుకు దగ్గర పగిలిందని గుడ్డోడికైనా తెలుస్తుంది. నాకూ తెలిసింది. చెప్పానా? చెప్పలేదు. నేను ఏసీ మెకానిక్కుని. పొగగొట్టాల పని ఇంజను మేస్త్రీది. అదీ నా పొగరు.

పన్నెండున్నరకి ఉస్తాదు బస్సు దిగి నేరుగా షాపుకే వచ్చాడు. పెళ్ళి లడ్డూ నాకొకటి ఇచ్చి, పక్క హోటలు నుంచి టీ చెప్పి, బల్ల మీద కూర్చున్నాడు.

"ఏమేం పనులొచ్చినయ్?"

నేను వరసగా చెప్పుకుపోయాను. నా గొప్ప కూడా మధ్యమధ్యలో కలిపాను. ఇర్మియా కారు దగ్గరికొచ్చాను. పైపులు బాగున్నాయన్నాను. గ్యాసు సరిపోయిందన్నాను.

"మరి చల్లగా ఎందుకు రాలా?"

"కొంచెం గ్యాసు కొట్టి, లోపలిగాలి బటను పెట్టా. నయమైంది."

ఆయన టీ గ్లాసు పెదాల దాకా తీసుకుపోయినవాడు ఆగాడు. "ఇర్మియా ఏమన్నాడు?"

"ఏమంటాడు? తలనొప్పంట. కడుపులో తిప్పుతుందంట. సెంటు సీసా పెట్టి పంపించా," అని నవ్వాను.

"ఎప్పట్నించి తలనొప్పి?"

"ఈ మధ్యే అన్నాడు."

"ఈ మధ్య బండికి ఏం చేశాం?"

చెప్పాను. పాటలపెట్టె బిగించామని, వైరు లాగామని.

"ఆ బెజ్జానికి రబ్బరు వాషరు వేశావా?"

వెయ్యలేదు. ఆ రోజు షాపులో ఆ సైజు వాషరు లేదు. తర్వాత వేద్దాంలే అనుకున్నాను. తర్వాత గుర్తు లేదు. వేలెడు బెజ్జం. అందులోంచి చిటికెనవేలంత వైరు పోయాక కూడా చుట్టూ సందు ఉంటుంది. ఆ సందు గాలిని లాగే ఫ్యానుకి సరిగ్గా పక్కనే ఉంటుంది. లోపలిగాలి బటను నొక్కితే ఆ ఫ్యాను అక్కణ్ణించే పీలుస్తుంది.

"పొగగొట్టం?" అన్నాడు ఉస్తాదు.

"చప్పుడు... వస్తంది ఉస్తాద్."

టీ గ్లాసు ఆయన చేతిలోంచి జారిపోయింది. టీ ఆయన పంచె మీదా నా కాళ్ళ మీదా పడింది. కాలినట్టు కూడా నాకు తెలియలేదు. నా తలలో ఒక్కొక్కటీ కలుస్తోంది. ఇంజను వేడి, దాంతోపాటు పొగ. అందుకే గాలి చల్లగా లేదు. అందుకే తలనొప్పి. అందుకే వాంతి. ఆ వాసన మీద నేను మల్లెపూల సెంటు కొట్టాను. అద్దాలు బిగించమన్నాను. వెంట్రుకంత సందు ఉంచమాక అన్నాను. నా నోటితో నేనే అన్నాను దేవుడా!

ఫోను చేశాను. మోగుతోంది, ఎత్తడు. మళ్ళీ చేశాను. ఎత్తడు. పాప లేస్తుందని కరుణ ఫోను సైలెంటులో పెట్టించిందట, తర్వాత తెలిసింది.

"బండి తియ్యి," అన్నాడు ఉస్తాదు.

షాపుకి తాళం కూడా వెయ్యలేదు. మోటారు సైకిలు మీద పొదిలి రోడ్డెక్కాం. నా ఒళ్ళంతా చెమట, చేతులు మాత్రం ఐసుముక్కల్లా ఉన్నాయి. వెనకనించి ఉస్తాదు నా భుజం పట్టుకుని చెవిలో అరిచాడు.

"పోయేటప్పుడు ఒక్కడే గదా? ఏసీ వెయ్యడుగా?"

"వెయ్యడు. పెట్రోలు దండగని ఒక్కడే ఉంటే ఏ డ్రైవరూ వెయ్యడు."

"అట్టయితే పోయేటప్పుడు ఏం అయ్యుండదు."

వచ్చేటప్పుడు వేస్తాడు. పాప కోసం వేస్తాడు. ఆ మాట ఆయన అనలేదు. ఎదురుగా వచ్చే ప్రతి తెల్లకారునీ చూస్తూ నడిపాను. ఒకటి కాదు, రెండు కాదు. ఏదీ ఇర్మియాది కాదు.

కొనకనమిట్ల దాటాక దూరంగా కనిపించింది. రోడ్డుకి అటుపక్క రావాల్సిన బండి అటూ ఇటూ ఊగుతూ మెల్లగా వస్తోంది. నేను బ్రేకు వేసేలోపలే ఉస్తాదు దూకేశాడు. అరవై ఐదేళ్ళ మనిషి రోడ్డు మధ్యలోకి పోయి, రెండు చేతులూ చాపి నిలబడ్డాడు.

"ఉస్తాద్, తప్పుకోండి!" అని అరిచాను.

తప్పుకోలేదు. కారు వచ్చి వచ్చి ఆయనకి మూరెడు దూరంలో ఆగింది.

ఇర్మియా అద్దం దించాడు. మల్లెపూల వాసన గుప్పుమని నా మొహాన కొట్టింది. వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నాలుక తడబడుతోంది. మమ్మల్ని చూసి పెదాల మీద వేలు పెట్టుకున్నాడు.

"అరవమాక అన్నా. ఇద్దరూ నిద్రపోతన్నారు."

చచ్చేదాకా మర్చిపోను ఆ మాట. అంత ప్రేమగా అన్నాడు.

ఉస్తాదు వెనక తలుపు లాగాడు. కరుణ కిటికీకి తల ఆనించి ఉంది. తలుపు తియ్యగానే పక్కకి ఒరిగిపోయింది, లేవలేదు. ఒడిలో పాప. తెల్లటి గుడ్డలో చుట్టి ఉంది. చెంపలు ఎర్రగా ఉన్నాయి. ఎవరైనా చూస్తే ఎంత ముద్దుగా నిద్రపోతోందో అనుకుంటారు.

ఉస్తాదు పాపని తీసి నా చేతుల్లో పెట్టాడు. "పట్టుకో," అన్నాడు. ఆయన కరుణని లాగడానికి వంగాడు.

నాకు ఎందుకిచ్చాడు? పక్కనే రోడ్డు మీద పోయేవాళ్ళు ఇద్దరు ఆగారు. వాళ్ళకివ్వచ్చు. నాకే ఇచ్చాడు. ఆ బిడ్డ బరువెంత! ఒక గ్యాసు డబ్బా అంత లేదు. మెడ నిలవడం లేదు. చెయ్యి గుడ్డలోంచి బయటికి వేలాడుతోంది. కదలడం లేదు.

వేపచెట్టు కిందికి పరిగెత్తాను. "అమ్మా, లే అమ్మా, లే తల్లీ," అని ఏడుస్తూ అరికాళ్ళ మీద వేళ్ళతో కొట్టాను. మొహం మీద గాలి ఊదాను. ఏ దేవుణ్ణి తలుచుకున్నానో కూడా తెలియదు. మా చెన్నకేశవస్వామినీ, ఉస్తాదు అల్లానీ, ఇర్మియా ఏసునీ, ముగ్గుర్నీ పిలిచి ఉంటాను. ఎంతసేపో తెలియదు. ఉన్నట్టుండి నా చేతిలో ఆ చిన్న కాలు ముడుచుకుంది. మూతి వంకర పెట్టింది. తర్వాత సన్నగా, పిల్లికూనలాగా ఏడ్చింది.

నేను దానికంటే గట్టిగా ఏడ్చాను.

ఆగిన మనుషుల్లో ఒకాయన నూట ఎనిమిదికి ఫోను చేశాడు. అంబులెన్సు వచ్చేసరికి కరుణ వాంతి చేసుకుని కళ్ళు తెరిచింది. "పాపేదీ?" అంది. ఆక్సిజను పెట్టి తల్లినీ బిడ్డనీ మార్కాపురం తీసుకుపోయారు. ఇర్మియాకి కూడా పెట్టారు.

సాయంత్రానికి డాక్టరమ్మ బయటికి వచ్చింది. "ముగ్గురికీ ప్రాణభయం లేదు. ఇంకో పావుగంట ఆ కారులోనే ఉంటే బిడ్డ దక్కేది కాదు. ఎవరండీ ఆపింది?" అంది.

ఇర్మియా మంచం మీంచి లేచి వచ్చి నన్ను వాటేసుకున్నాడు. "అన్నా, మా ఇంటి దీపం నిలబెట్టావన్నా. నువ్వు రాకపోతే ఏమైపోయేవాళ్ళం! నీ కాళ్ళు కడిగి నెత్తిన పోసుకున్నా రుణం తీరదన్నా."

వాడు అట్లా అంటుంటే నా ఒళ్ళు చచ్చిపోయింది. ఉస్తాదు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆయన చెప్పేస్తాడేమో అని చూశాను. చెప్పలేదు. చెప్పమని కళ్ళతో కూడా అనలేదు. ఊరికే నా వైపు చూస్తున్నాడు. నోరు మూసుకుని ఊరుకుంటే ఊరంతా నన్ను మొయ్యడానికి సిద్ధంగా ఉంది.

"ఇర్మియా," అన్నాను. "ఆ పొగ వచ్చిన బెజ్జం నేను పెట్టిందే. వాషరు వెయ్యలేదు. నువ్వు తలనొప్పి అంటే నేను వినలేదు."

వాడికి ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. నా భుజం మీంచి చెయ్యి తీసేశాడు. ఒక్క మాట తిట్టలేదు. తిడితే బాగుండేది, కొడితే ఇంకా బాగుండేది. లోపలికి పోయి కరుణ మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. జేబులోంచి కారు తాళం తీసి మా వైపు గచ్చు మీద విసిరేశాడు.

"ఆ బండి మీరే ఏమన్నా చేసుకోండి. నాకు కనపడనియ్యొద్దు," అన్నాడు.

ఆ బండి మీదే వాళ్ళ పొయ్యి వెలగాలి. అది నాకు తెలుసు.

ఐదు రోజులు నేను షాపుకి పోలేదు. ఏ పనిముట్టూ ముట్టుకోనని మా ఇంట్లో చెప్పేశాను. పలకల క్వారీలో కూలికి పోతానన్నాను. మా చంటిది నిద్రపోతుంటే పక్కన కూర్చుని ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసేవాణ్ణి. నా భార్య నన్ను చూసి భయపడింది.

ఆరో రోజు పొద్దున ఉస్తాదు మా గుమ్మంలోకొచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. ఇర్మియా కారు తాళం నా చేతిలో పెట్టాడు.

"పోయి ఆ బెజ్జం ముయ్యి," అన్నాడు.

"నా వల్ల కాదు ఉస్తాద్. నేను ఇక ఈ పని చెయ్యను. మీరే ముయ్యండి."

"పెట్టింది నేనా?"

అని వెనక్కి తిరిగి పోయాడు.

నేను షాపుకి పోయాను. కారు పందిరి కింద దుమ్ము పట్టి ఉంది. ముందు ఇంజను మేస్త్రీని పిలుచుకొచ్చి పొగగొట్టం మార్పించాను. ఆయన బిగిస్తుంటే పక్కనే కూర్చుని ప్రతి బోల్టూ చూశాను. "ఏందయ్యా, నా పని నాకు నేర్పుతావా?" అని కసిరాడు. పడ్డాను. తర్వాత వైరు ఊడబీకి, బెజ్జం అంచు ఆకురాయితో నున్నగా చేసి, రబ్బరు వాషరు ఎక్కించి, చుట్టూ మైనం లాంటి ముద్ద మెత్తాను. ఎక్కువ కొట్టిన గ్యాసు తీసేశాను. లోపలిగాలి బటను నొక్కి, అగరొత్తి వెలిగించి, ఆ వాషరు చుట్టూ తిప్పాను. పొగ నిటారుగా లేచింది. కాళ్ళ దగ్గర, తలుపుల దగ్గర, సీట్ల కింద, డిక్కీలో, రేకు అతుకు కనపడ్డ ప్రతి చోటా అగరొత్తి పెట్టి చూశాను. ఒక కట్ట అయిపోయింది. రెండో కట్ట తెచ్చాను. తర్వాత నేనే అద్దాలు ఎక్కించుకుని గంటసేపు కూర్చున్నాను. గాలి చలి పుట్టించేట్టు వచ్చింది. తల నొయ్యలేదు.

అయినా నాకు నమ్మకం కుదరలేదు.

"ఉస్తాద్, ఒకసారి మీరు చూడండి," అన్నాను.

ఆయన కారు వైపు కూడా రాలేదు. పైపు ముట్టుకోలేదు. బానెట్టు ఎత్తలేదు. ఇంటికి పోయి, అరగంటకి భార్య సైదాబీని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె ఇస్త్రీ చీర కట్టుకుని, చేతిలో టిఫిను క్యారియరు పట్టుకుని ఉంది. ఇద్దరూ వచ్చి వెనక సీట్లో కూర్చున్నారు.

"ఒంగోలు పోదాం. ఈమె చెల్లెల్ని చూసి రావాల. వచ్చేటప్పుడు బండి ఇర్మియాకి ఇచ్చేద్దాం," అన్నాడు. "అద్దాలు ఎక్కించు. ఏసీ వెయ్యి."

"ఉస్తాద్, వద్దు. నా మాట వినండి. ముందు మీరు చూస్తే..."

"నువ్వు చూశావుగా."

"అమ్మ కూడా ఎందుకు? పోనీ మీరొక్కరే..."

"ఏం నాయనా, నన్ను దింపేస్తావా?" అంది సైదాబీ. ఆమెకి అన్నీ తెలుసు. కొంగు నిండుగా కప్పుకుని కూర్చుంది.

అద్దాలు ఎక్కించాను. నాలుగూ. లోపలిగాలి బటను ఆయనే వెనకనించి చెయ్యి చాపి నొక్కాడు.

ఊరు దాటామో లేదో, ఉస్తాదు తువ్వాలు మడిచి తలకింద పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఇంకాసేపటికి సైదాబీ కూడా. రోడ్డు ఒకసారి, అద్దంలో వాళ్ళ మొహాలు ఒకసారి చూస్తూ నడిపాను. నా పక్క అద్దం నాలుగు వేళ్ళు దించాను.

"వేడి వస్తంది. ఎక్కించు," అన్నాడు కళ్ళు తెరవకుండా.

ఎక్కించాను. "తల ఎట్టా ఉంది ఉస్తాద్?" అన్నాను. జవాబు లేదు. పొగగొట్టం చప్పుడు విన్నాను. మామూలుగానే ఉంది. గాలి వాసన చూశాను. ఏ వాసనా లేదు. నా తల ఎట్టా ఉందో చూసుకున్నాను. బాగానే ఉంది. బాగానే ఉందా? మళ్ళీ చూసుకున్నాను.

కొనకనమిట్ల దగ్గరికి వచ్చేసరికి అద్దంలో ఉస్తాదు మెడ పక్కకి వాలిపోయింది. నోరు కొంచెం తెరుచుకుంది. సైదాబీ తల ఆయన భుజం మీద ఉంది. ఇద్దరూ కదలడం లేదు. బండి పక్కకి లాగి ఆపాను. దూకి వెనక తలుపు తీశాను. ఆయన ముక్కు దగ్గర చెయ్యి పెట్టాను.

ఊపిరి వెచ్చగా తగిలింది.

ఉస్తాదు ఒక కన్ను తెరిచాడు. "ఏంది?"

"ఏం లేదు ఉస్తాద్." అక్కడే రోడ్డు మీద కూలబడ్డాను. లారీ ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది. "ఈ బండిలో మీకు నిద్రెట్టా పట్టింది?"

"నీకు పట్టట్లేదుగా," అని మళ్ళీ కన్ను మూసుకున్నాడు.